కొట్టు చేతికొచ్చాక

"మనింట్లోకి పిల్లేమైనా దూరిందా?" అన్నాడు భర్త, మైకు తీగ చుట్టడం ఆపి.

ఆమె మంచం మీద వెల్లకిలా పడుకుని ఉంది. పని నుంచి వచ్చి, స్నానం చేసి, అలా వాలిందంతే. "పిల్లెక్కడిది?" అంది.

"కూస్తోంది, విను." అతను బీరువా వెనక్కి తొంగి చూశాడు. మంచం కిందికి వంగాడు. వంగినవాడు అక్కడే ఆగిపోయి, తలెత్తి ఆమె ఛాతీ వైపు చూశాడు. "ఇదేంటి, పిల్లి నీలోనే ఉంది!"

ఇద్దరూ నవ్వారు. నవ్వితే ఆమెకి దగ్గొచ్చింది. అది ఎంతకీ ఆగలేదు. అతను నీళ్లు తెచ్చి ఇచ్చి, వీపు రాసి, "డాక్టరుకి చూపించుకో" అన్నాడు. "జలుబే, తగ్గిపోతుంది" అంది ఆమె. కానీ చలికాలం వెళ్లిపోయి చాలా రోజులైంది. జలుబు కాదని ఆమెకి లోలోపల తెలుసు.

ఆమె బ్రెడ్ల కొట్టులో పనిచేసేది. చదువైపోయిన కొత్తలో, వేరే ఉద్యోగం దొరికేదాకా అనుకుని ప్యాకింగులో చేరింది. బ్రెడ్డుకి కాగితం చుట్టే చేతులు ఎప్పుడు పిండిలోకి వెళ్లాయో ఆమెకే గుర్తులేదు. ఇప్పుడు పిండిగదికి ఆమే పెద్ద. కొట్టు యజమానిని అందరూ బాబాయ్ అనేవారు. ఆయనకి పిల్లల్లేరు, మోకాళ్లు అరిగిపోయాయి. ఇంకో రెండేళ్లలో తప్పుకుని కొట్టు ఆమెకే అప్పగిస్తానని నలుగురి ముందూ చెప్పాడు.

అప్పట్నుంచీ వాళ్లింట్లో అన్నిటికీ ఒకటే ముహూర్తం. ఇల్లు మారడం, కొట్టు చేతికొచ్చాక. సముద్రం చూడ్డానికి వెళ్లడం, కొట్టు చేతికొచ్చాక. పిల్లలు కూడా కొట్టు చేతికొచ్చాకే. ఆమె ఏది చేసినా నాలుగడుగులు ముందుకి చూసి చేసేది. భర్తకి ఆ గొడవ లేదు. సభలకీ నాటకాలకీ మైకులు పెట్టేవాడు. ఈ వారం పనుంటే ఈ వారానికి హాయి. వచ్చే వారం సంగతి వచ్చే వారమే ఫోన్ చేసి చెబుతుంది అనేవాడు. ఆమెకి "ముందుచూపు" అని పేరు పెట్టి, వీధిలో కూడా అలాగే పిలిచేవాడు. ఆమె కసురుకునేది గానీ, ఆ పేరంటే లోపల కాస్త గర్వమే.

చివరికి ఒక్కర్తే డాక్టరు దగ్గరికి వెళ్లింది. డాక్టరమ్మ ఓ గొట్టంలోకి గట్టిగా ఊదించి, మీటరు చూసి, మళ్లీ ఊదించింది.

"ఏం పని చేస్తారు?"

"బ్రెడ్ల కొట్టులో అండీ. పిండి కలుపుతాను."

"సెలవురోజు ఎలా ఉంటుంది?"

"బానే ఉంటుందండీ."

"మళ్లీ పనిలోకి వెళ్లిన రోజు?"

ఆమె తల వంచుకుని చేతిసంచి తాడు మెలితిప్పింది. డాక్టరమ్మకి ఆ జవాబు సరిపోయింది.

"పిండి మీకు పడటం లేదమ్మా. ఆ దుమ్మంటే మీ ఊపిరితిత్తులకి గిట్టట్లేదు. ఇప్పుడే దూరంగా జరిగితే చాలావరకు సర్దుకుంటుంది. అందులోనే ఉంటే మాత్రం, తర్వాత మానేసినా పోయింది తిరిగి రాదు."

"మందు పీల్చుకుంటూ, మాస్కు పెట్టుకుని, ఇంకో రెండేళ్లు లాక్కురాలేనా?"

డాక్టరమ్మ కళ్లజోడు తీసింది. "రెండేళ్ల తర్వాత ఏముంది?"

"కొట్టు నా చేతికొస్తుందండీ."

"అప్పుడు అందులో పిండి ఉండదా?"

దీనికి ఆమె దగ్గర జవాబుంది. అప్పటికి పిండిగదిలో వేరేవాళ్లని పెడుతుంది, తను ముందు గదిలో కూర్చుంటుంది. కానీ ఆ జవాబు డాక్టరమ్మ ముందు పైకి రాలేదు. మందు రాయించుకుని బయటపడింది. ఇంటికొచ్చి భర్తతో, "చెప్పాగా, జలుబేనట" అంది.

ఆ రోజు నుంచి ఆమె బతుకు ఒక పూట నుంచి ఇంకో పూటకి అన్నట్టయింది. సంవత్సరాల లెక్కలు వేసిన మనిషి, ఈ బస్తా విప్పేదాకా దగ్గు రాకుండా ఉంటే చాలనుకునే స్థితికి వచ్చింది. బస్తా మూతిని పాత్ర అడుగుకి ఆనించి, పిండి లేవకుండా మెల్లగా జార్చేది. బల్లని తడిగుడ్డతో మాటిమాటికీ తుడిచేది. మాస్కు ఎందుకని అడిగితే, చర్మానికి మంచిదట అని నవ్వేసేది. ఛాతీ బిగుసుకుంటే ఖాళీ బస్తాలు ఎండేసే పెరట్లోకి వెళ్లి, గోడవైపు తిరిగి మందు పీల్చుకుని వచ్చేది. అడుగుల చప్పుడు వినిపిస్తే చాలు, మందుని ఆప్రాన్ జేబులోకి తోసేసేది.

పొయ్యి చూసుకునే ఆవిడని అందరూ వదిన అనేవారు. ఆవిడ కళ్లని తప్పించుకోవడం కష్టం.

"ఏంటే, పెరట్లో ఎవరైనా ఉన్నారా? తెగ తిరుగుతున్నావు?" అంది ఒకసారి.

"ఉన్నారు వదినా. చాలా అందగాడు."

"మరి మైకు తమ్ముడికి చెప్పమంటావా?"

అంటూ వదిన పకపకా నవ్వింది. ఆమె కూడా నవ్వింది గానీ, ఆప్రాన్ జేబుని చేత్తో అదిమి పట్టుకుంది.

అన్నిటికన్నా ఎక్కువ భయపెట్టింది మాత్రం బాబాయ్ మంచితనం. ఆయన అన్నమాట ప్రకారం ఒక్కొక్కటీ చేసుకుంటూ పోతున్నాడు. చెల్లెలి కొడుకు కొట్టు తనకిమ్మని చాలా కాలంగా అడుగుతుంటే, "ఇక నీ దారి నువ్వు చూసుకో" అని తేల్చి చెప్పేశాడు. అతను అలిగి వేరే ఊళ్లో ఉద్యోగంలో చేరిపోయాడు. "నీ కాలానికి పనికొస్తుంది" అంటూ బాబాయ్ ఆమె కోసమే పెద్ద మిక్సరు తెప్పించాడు. రెండేళ్లెందుకు, వచ్చే నెలలోనే కాగితాలు రాసేద్దాం అన్నాడు. ఆమె ఆయన కాళ్లకి దణ్ణం పెట్టి, పైకి లేచేసరికి ఆయాసంతో మాట రాలేదు. సంతోషం పట్టలేకపోతోందనుకున్నాడాయన. వీపు తట్టాడు.

చెప్పేయాలని ఎన్నోసార్లు అనుకుంది. కాగితాలయ్యాక చెబుతాననుకుంది. భర్తకైనా చెబుదామనుకుంది. చెబితే రేపే మానెయ్యమంటాడు, అతనికి రేపన్నదే లేదు కదా అనుకుంది. వచ్చే నెల దాకా ఆగితే చాలు.

ఆ నెల రాకముందే కొత్త మిక్సరు బిగించడానికి కంపెనీ మనిషి వచ్చాడు. ఒకసారి తిప్పి చూద్దామని బస్తాడు పిండి పోయించాడు. మూత సరిగ్గా పడిందో లేదో ఎవరూ చూడలేదు. మీట నొక్కగానే గదంతా తెల్లబడిపోయింది. కంపెనీ మనిషి తుమ్ముతూ, నవ్వుతూ మీట కోసం తడుముకుంటున్నాడు. ఆమె తలుపు వైపు రెండడుగులు వేసింది. మూడో అడుగు పడలేదు. లోపలున్న గాలి బయటికి పోదు, బయటిది లోపలికి రాదు. ఆప్రాన్ జేబులోంచి మందు తీయబోతే చేతిలోంచి జారి ఎక్కడో దొర్లిపోయింది. గోడ పట్టుకుని కూలబడింది. చివరికి గుర్తున్నది, వదిన పొయ్యి వదిలేసి పరుగెత్తుకొస్తూ పెట్టిన కేక.

ఆసుపత్రిలో కళ్లు తెరిచేసరికి ముక్కు మీద గొట్టం ఉంది. భర్త పక్కన కూర్చుని ఉన్నాడు. అతని చేతిలో మందు డబ్బా ఉంది. వదిన వెతికి తెచ్చి ఇచ్చింది.

"ఎన్నాళ్లనుంచి?" అన్నాడు.

ఆమె కళ్లు మూసుకుంది.

"డాక్టరమ్మ చెప్పింది. ఆర్నెల్లట. ఆర్నెల్లనుంచి నా పక్కనే పడుకుని, నాకు చెప్పకుండా..." అతను డబ్బాని మంచం మీద పెట్టాడు. "ఎప్పుడూ నాకు రేపు పట్టదంటావు. నిజమే, పట్టదు. కానీ నువ్వు అన్ని రేపులు పోగేసి ఏం చేద్దామనుకున్నావు? ఊపిరాడాలా వద్దా?"

"ఒక్క నెల ఆగితే..."

"ఎవరు ఆగుతారే ఒక్క నెల? నీ ఛాతీ ఆగుతానందా?"

నర్సు వచ్చి, గట్టిగా మాట్లాడొద్దని అతన్ని బయటికి పంపింది. అతను తలుపు అవతల నిలబడి అద్దంలోంచి చూస్తూనే ఉన్నాడు. తిట్టినందుకు బాధపడుతున్నాడని ఆమెకి అర్థమైంది. తనకి మాత్రం ఆ క్షణంలో కూడా ఒకటే దిగులు. బాబాయ్‌కి ఏం చెప్పాలి?

ఇంటికి పంపాక మర్నాడే వెళ్లింది. లోపలికి వెళ్లకూడదు కాబట్టి, కొట్టుకి ఎదురుగా రోడ్డవతల నిలబడి కబురు పెట్టింది. బాబాయ్ కర్ర సాయంతో రోడ్డు దాటి వచ్చాడు. ఒంట్లో ఎలా ఉందని అడిగాడు. తర్వాత కర్రతో కాలి దగ్గరున్న రాయిని పక్కకి నెట్టాడు.

"మావాణ్ణి పంపేశాను" అన్నాడు చివరికి. "నీకోసం. నా చెల్లెలు నాతో మాట్లాడ్డం మానేసింది. నీకు అప్పటికే తెలుసు, అవునా?"

"తెలుసు బాబాయ్."

"మరి నాకొక్క మాట చెప్పాలనిపించలేదా అమ్మాయ్?"

"చెబితే కొట్టు పోతుందనుకున్నా."

"నీకు కొట్టు పోయేది. నాకేం పోతుందో ఆలోచించావా?" ఆయన గొంతు పెద్దదైంది. దారిన పోయేవాళ్లు తిరిగి చూశారు. "నువ్వొక్కదానివేనా ముందుకి చూసుకునేది? నేనూ చూసుకున్నాను. నా చూపంతా నీ మీదే పెట్టాను."

తన పథకంలో బాబాయ్ ఎప్పుడూ ఇచ్చేవాడిగానే ఉన్నాడు. ఆయనకీ ముసలితనం ఉందని, భయం ఉందని, ఆ భయానికి తననే మందనుకున్నాడని ఆమె ఒక్కసారి కూడా అనుకోలేదు.

వారం తిరక్కుండా ఆయనే ఫోన్ చేశాడు. కోపం తగ్గిందో, వేరే దారి లేదో తెలియదు. "పిండిగదికి తలుపు బిగిస్తాను. అద్దం పెడతాను. నువ్వు ముందు గదిలో కూర్చో. ఆలోచించుకుని చెప్పు" అన్నాడు.

పోయిందనుకున్నది మళ్లీ గుమ్మం ముందుకొచ్చి నిలబడింది. భర్తని అడిగితే, "నేను వద్దంటే, జన్మంతా నేనే వద్దన్నానంటావు. నాకొద్దు ఆ పాపం" అన్నాడు. డాక్టరమ్మ, ఆ భవనమంతా పిండేనమ్మా అంది.

ఒక మధ్యాహ్నం తనే తేల్చుకుందామని వెళ్లింది. ముందు గదిలో బల్ల వెనక నిలబడింది. తాజా బ్రెడ్డు వాసన. లోపల ఎవరో బస్తా దించిన చప్పుడు. కాసేపటికి ఛాతీ బిగుసుకోవడం మొదలైంది. అది పిండి వల్లో, భయం వల్లో తెలియలేదు. ఎంత ప్రయత్నించినా తెలియలేదు. అదే ఆమెని కదిలించింది. ఇక్కడ కూర్చుంటే, ఇకమీదట తీసుకునే ప్రతి ఊపిరికీ ఇదే ప్రశ్న. బాబాయ్ కుర్చీలోంచి చూస్తున్నాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. ఆయన కూడా తల పంకించి, వేరేవైపు తిరిగాడు.

చెల్లెలి కొడుకు వెంటనే రాలేదు. బాబాయ్ చేత రెండు మూడుసార్లు బతిమాలించుకుని వచ్చాడు. పిండిగదిలో పెట్టిన కొత్త కుర్రవాడికి పని పట్టుబడ్డం లేదని, బ్రెడ్డు ఒకరోజు రాయిలా, ఒకరోజు దూదిలా వస్తోందని వదిన ఫోన్లో చెప్పేది. వినాలనీ ఉండేది, వినలేకా పోయేది.

ఆమెకి బస్సు పాసులిచ్చే ఆఫీసులో పని దొరికింది. కాన్పు సెలవులో ఉన్న ఒకావిడ బదులు, మూణ్నెల్లకి. కిటికీ ముందు వరస, పక్కన ముద్రలు వేసే చప్పుడు. చేతులకి ఏమీ అంటని పని. మొదటి రోజుల్లో సాయంత్రమయ్యేసరికి ఏం చేసిందో ఏమీ కనబడక దిగులుగా ఉండేది. మూణ్నెల్ల తర్వాత ఏమిటన్న ఆలోచన వస్తే క్యాలెండరు పేజీలు తిప్పి రోజులు లెక్కపెట్టేది.

గడువు దగ్గర పడ్డాక, ఆఫీసరు పిలిచి, "ఆవిడ ఇంకొన్నాళ్లు రాదట. ఇంకో మూణ్నెల్లుంటారా?" అన్నాడు.

"ఉంటానండీ."

"ఆ తర్వాత మాత్రం మాటివ్వలేను."

"సరేనండీ" అంది. అలా అనగలిగినందుకు ఆమెకే ఆశ్చర్యంగా ఉంది.

అదే సాయంత్రం డాక్టరమ్మ మళ్లీ గొట్టంలోకి ఊదించింది. చాలా మెరుగైంది, కానీ పూర్తిగా కాదంది. ఆ మిగిలింది రాదా అని ఆమె అడిగింది. రాకపోవచ్చంది డాక్టరమ్మ. దాచిన ఆ ఆర్నెల్లూ అందులో ఎంత తిన్నాయో అడగాలనుకుంది. అడగలేదు. వేరే ప్రశ్న అడిగి, జవాబు విని ఇంటికి వచ్చింది.

భర్త వంటింట్లో ఉన్నాడు. ఆఫీసు సంగతి చెప్పింది.

"ఆ మూణ్నెల్లయ్యాక?" అన్నాడు.

"తెలీదు."

"తెలీదంటే ఎలా? మనిద్దరిలో తెలిసినదానివి నువ్వొక్కదానివే కదా!" అతని ముఖం నిజంగానే పాలిపోయింది. "నాకా, ఇవాళుంటే రేపుండదు పని. ఇప్పుడు నువ్వూ అంతేనా?"

ఆమె స్టూలు లాక్కుని కూర్చుంది. "డాక్టరమ్మని అడిగా. ఈ మందులు వాడుతూ బిడ్డని కనొచ్చా అని. కనొచ్చంది, జాగ్రత్తగా ఉంటే."

అతను గరిట అలాగే పట్టుకుని నిలబడిపోయాడు. "ఇప్పుడా? ఇల్లు ఇదే. ఉద్యోగం మూణ్నెల్లు. నీ ఒళ్లేమో..."

"ఊ."

"నీకు భయంగా లేదా?"

"చాలా ఉంది."

"అయితే కొన్నాళ్లు ఆగుదామా?"

ఆగితే ఏమేమి సమకూరుతాయో, అలవాటు కొద్దీ మనసులో పేర్చడం మొదలెట్టింది. సగంలో ఆ పేర్చడం చెదిరిపోయింది. తర్వాత ఏముందో కనబడలేదు.

"వద్దు, ఆగొద్దు" అంది.

అతను పొయ్యి కట్టేసి వచ్చి ఆమె ఎదురుగా నేల మీద కూర్చున్నాడు. ఆమె చేతులు తన చేతుల్లోకి తీసుకున్నాడు. "సరే" అన్నాడు. ఆ మాట అన్నాక కూడా ఇద్దరిలో ఎవరి భయమూ తగ్గలేదు.