గుంజి చూడని పెట్టె

సిరిసిల్ల నుంచి తిరుమల ఆ పెట్టెను ఆదివారం కోరుట్లలోని నా దుకాణానికి తెచ్చింది. ఆరు పలకల చిన్న పెట్టె. రెండు పక్కలా పదిహేనేసి బటన్లు, చేతులు దూర్చడానికి తోలు పట్టీలు, మధ్యలో మడతల తిత్తి. దాన్ని కాన్సర్టీనా అంటారని ఫోనులో చూపించింది.

ఆమె తండ్రి నర్సన్న షార్జాలో పాత సామాన్ల దుకాణంలో పనిచేసి, తిరిగివస్తూ దాన్ని వెంట తెచ్చుకున్నాడు. ఇక్కడ మళ్లీ బట్ట నేసే సాంచాల మీద పనికి కుదిరాడు. ఆ మోతలో చెవులు పోయాయి. పెట్టెను అమ్మి ఆయనకు చెవి మిషన్ కొనాలని తిరుమల దాన్ని ఆన్‌లైన్‌లో అమ్మకానికి పెట్టింది.

"పుణె నుంచి ఒకాయన అడుగుతుండు చాచా. బటన్ ఒత్తిపట్టి తిత్తి మూస్తే, తెరిస్తే ఒకటే స్వరమా, రెండా అని. దాన్ని బట్టే గిది ఏ రకమో తెలుస్తదట."

నేను ముప్పై ఏళ్లుగా హార్మోనియాలు బాగుచేస్తున్నాను. మా హార్మోనియం తిత్తి తెరిచినప్పుడు గాలి పీల్చుకుంటుంది, మూసినప్పుడు స్వరం పలికే రీడ్లకు ఇస్తుంది. ఈ పెట్టెకు కూడా పక్కన గాలి బటన్ ఒకటి ఉంది. అది నొక్కి తిత్తి తెరిచాను. మూస్తూ మధ్య వరుసలో ఒక్కో బటన్ ఒత్తాను. స పలికింది, గ పలికింది, ప పలికింది, మళ్లీ స. రి, మ, ధ, ని ఆ వరుసలో ఎంత వెతికినా దొరకలేదు.

"ఎవరో రీడ్లు పీకి మార్చిండ్రు బిడ్డా. ఒక్క బటన్‌కు ఒకటే స్వరం. గానీ సగం స్వరాలే లేవు. రీడ్లకు తప్ప దేనికీ పనికిరాదు."

"రెండు దిక్కులా చూసినవా చాచా?"

"చూసిన" అన్నాను.

ఆమె అదే రాసి పంపింది. పుణె ఆయన వద్దన్నాడు. జగిత్యాలలో హార్మోనియాలు చేసే పరశురాములు రీడ్ల కోసం తీసుకుంటాడని నేనే చెప్పాను. బుధవారం పొద్దున ఆమె అక్కడికి పోయి ఇచ్చేసింది. వచ్చిన డబ్బు చెవి మిషన్‌లో సగానికి కూడా సరిపోదని, అయినా నేను సాయం చేశానని ఫోన్ చేసి చెప్పింది.

ఆ రోజు మధ్యాహ్నం జోహర్ నమాజ్ అయ్యాక మసీదు మెట్ల మీద చెప్పులు తొడుక్కుంటుంటే ఆ పుణె ఆయన ప్రశ్న మళ్లీ గుర్తొచ్చింది. తెరిచినప్పుడు పలకని వాయిద్యమైతే, తెరిస్తే ఏ స్వరమని ఎవరైనా ఎందుకు అడుగుతారు?

అక్కడే నిలబడి ఫోనులో ఒక వీడియో పెట్టాను. ఎవరో తెల్లాయన బటన్ ఒత్తి తిత్తి మూశాడు. ఒక స్వరం. వేలు తీయకుండానే గుంజాడు. ఇంకో స్వరం. నాకు దొరకని రి, మ, ధ, ని అన్నీ గుంజుడులో ఉన్నాయి. ఆంగ్లో రకమని కింద రాసి ఉంది.

నేను గుంజి చూడలేదు. చూశానని చెప్పాను. తెలియక చెప్పింది అబద్ధమవుతుందా అని మనసుకు సర్దిచెప్పుకోబోయాను. గానీ తెలియకపోవడం వేరు, చూశాననడం వేరు.

పరశురాములుకు ఫోన్ చేశాను. మోగింది, ఎత్తలేదు. నాలుగుసార్లు చేశాను. మెట్‌పల్లి నుంచి వచ్చిన బస్సు నిండుగా ఉంది, నిలబడే పోయాను. అతని చేయి ఎంత చురుకో నాకు తెలుసు. ఒక రీడును ఆకురాయితో గీకి వేరే శ్రుతికి తెస్తే, మళ్లీ మొదటి శ్రుతికి తేవడం మహా కష్టం. ముప్పై బటన్లకు అరవై రీడ్లు. ప్రతి స్టేజీ దగ్గరా ఇద్దరు ముగ్గురు ఎక్కుతున్నారు. దారి పొడుగునా ప్రవక్త మీద దరూద్ చదువుకుంటూనే ఉన్నాను.

దుకాణంలో పెట్టె కుడి పక్క మూత ఊడదీసి ఉంది. లోపలి రీడ్ల పలక బల్ల మీద ఉంది. పరశురాములు చేతిలో ఆకురాయి.

"పరశురాములన్నా, ఆగు."

"ఏంది లతీఫ్ భాయ్, మల్లయ్య గుడి జాతర్ల తప్పిపోయినోని లెక్క వచ్చినవ్. పెగడపల్లి భజనోళ్ల హార్మోనియం శనివారానికి ఇయ్యాలె. ఫోన్ల ముచ్చట వెడితే పని ఎట్లయితది?"

"ఎన్ని గీకినవ్?"

"ఇప్పుడే షురూ చేసిన. ఒకటి."

నేను ఆ పలక ఎత్తి చూశాను. ప్రతి గదికీ పైన ఒక రీడు, కింద ఒక రీడు. ఒక రంధ్రానికి పెదవులు ఆనించి ఊదాను. స పలికింది. లోపలికి పీల్చాను. రి పలికింది.

పరశురాములు ఆకురాయి కింద పెట్టాడు. "మల్లొకసారి జెయ్" అన్నాడు. చేశాను.

"అంటే ఏం ఖరాబు లేదా?"

"లేదు. నేనే గుంజి చూడలే."

అతను నవ్వాడు. "హార్మోనియం డాక్టర్ అంటరు నిన్ను. నాడి చూడకుంటనే సచ్చిందన్నవ్." పెట్టెను దగ్గరికి లాక్కున్నాడు. "మంచిదే. గిప్పుడు గిది నాది గదా. నేనే అమ్ముకుంట."

"అది నర్సన్న చెవి మిషన్ కోసం అమ్మిన పెట్టె."

"నేను మోసం జేసిన్నా? అడిగినంత ఇచ్చిన. నీ తప్పుకు నేనెందుకు నష్టపోవాలె?"

అతను అన్నదాంట్లో తప్పేముంది? అన్యాయం చేసింది అతను కాదు. ఆ పిల్ల నష్టపోవడం న్యాయం కాకపోతే, అతను నష్టపోవడం మాత్రం ఎట్లా న్యాయం?

"నువ్వు నష్టపోవద్దు" అన్నాను. "నా దగ్గర పాలితానాల తయారైన పేరున్న ఇత్తడి రీడ్ల సెట్టు ఉన్నది, ఎక్కడా వాడలే. నా సొంత హార్మోనియం కోసం దాచుకున్న. అది పెగడపల్లోళ్ల హార్మోనియంల వెయ్యి. శుక్రవారం నమాజ్ కాంగనే వచ్చి నేనే కూసుని బిగిస్త. నువ్వు బిడ్డకు ఇచ్చిన పైసలు నీకు వాపస్ ఇప్పిస్త."

"మజూరీ?"

"వద్దు."

అతను గీకిన రీడును వెలుతురుకు పట్టి చూశాడు. "రీడ్లు ముందుగాల చూస్త. తర్వాత మాట."

"రేపు పొద్దున్నే తెస్త."

"అప్పటిదాంక గిది ఈ బల్ల మీదనే ఉంటది. ముట్ట."

తిరుమలకు ఫోన్ చేసి జరిగింది జరిగినట్టు చెప్పాను. చివరిదాకా వింది. ఆ తర్వాత, "రెండు దిక్కులా చూసిన అన్నవ్ గదా చాచా" అంది.

"అన్న. చూడలే."

"సరే. ఆ పుణె ఆయనకు ఏం రాయాలె?"

"ఆంగ్లో రకం అని రాయి. చేతి పట్టీలు, ముప్పై బటన్లు, ఒక్కోదానికి రెండు స్వరాలు. పెట్టె రేపు చేతికి వస్తేనే అమ్ముడు అని గూడ రాయి. కుడి పక్కన ఒక బటన్‌కు గుంజుడు స్వరం చెడిపోయిందని రాయి. అది మావల్లనే."

"గది చెప్తే తక్కువకు అడుగుతడేమో చాచా."

"అడగనియ్యి."

అవతల నుంచి టైపు చేస్తున్న చప్పుడు వినిపించింది. ఇటు పరశురాములు, గీకిన ఆ ఒక్క రీడును కాగితంలో చుట్టి దాని మీద పెన్సిలుతో అది ఏ బటన్‌దో గుర్తు పెడుతున్నాడు.