కారు తోసేది లేదు

యుద్ధం ముగిసిన మరుసటి ఏడు జయరావు సైన్యం నుంచి ఇంటికొచ్చాడు. బర్మా సరిహద్దు కొండల్లో, బురదలో, లారీలు తోలిన మనిషి. దాచుకున్న జీతమంతా పోసి, కార్వేటినగరంలో ఒక పెద్దింటివాళ్ళు వదిలించుకుంటున్న పాత నల్ల కారును కొన్నాడు. పుత్తూరులో రైలు తప్పినవాళ్ళను, పెళ్ళిళ్ళకు పోయేవాళ్ళను ఎక్కించుకొని తిరుపతిలో దించి వస్తే బతుకు గడుస్తుందని అతని లెక్క.

వడమాలపేటకు ఇవతల ఉంది వాళ్ళ ఊరు. జయరావు ఇల్లుండే మాదిగపల్లె ఊరికి తూర్పున, విడిగా ఉంటుంది. తిరుపతికి పోవాలంటే ఊరి పెద్దవీధి తప్ప వేరే దారి లేదు. పుత్తూరు నుంచి బొగ్గు గ్యాసుతో నడిచే బస్సు వచ్చే రోడ్డే అది.

కారుకు ఒకటే జబ్బు. బ్రేకు తొక్కితే వెనక చక్రం దగ్గర, పందిని పట్టి కట్టేసేటప్పుడు అది అరిచినట్టు, కూత లేచేది.

మొదటిరోజు జయరావు భార్య గంగులమ్మను వెనక సీట్లో కూచోబెట్టుకొని బయలుదేరాడు. పెద్దవీధి నడుమ కోళ్ళు అడ్డం వస్తే బ్రేకు తొక్కాడు. కూత వీధంతా మోగింది. ఊరికి పెద్ద రైతు రామలింగయ్య తిన్నె మీద నుంచి లేచి వచ్చి చేతికర్ర అడ్డం పెట్టాడు.

“ఏమిరా ఇది? గొడ్లు బెదిరి పలుపులు తెంచుకుంటా ఉండాయి. ఈ బండిని వీధిలో తోలద్దు. ఇంజను ఆపి, దిగి, తోసుకొని పో. ఆమెను కూడా దిగమను.”

జయరావు చేతులు స్టీరింగు మీదే బిగుసుకున్నాయి. గంగులమ్మ వెనక నుంచి అతని మెడనే చూస్తూ ఉంది. నరం ఒకటి ఉబ్బి, తగ్గింది. అతను దిగాడు. ఆమె కూడా దిగింది. తిన్నెల మీద ఉన్నవాళ్ళంతా చూస్తుండగా ఇద్దరూ కారును వీధి చివరిదాకా తోశారు. ఎవరో నవ్వారు. ఆ నవ్వు ఎవరిదో చూడకూడదని గంగులమ్మ తల వంచుకొని, ఇనుము మీద రెండు చేతులూ ఆనించి తోసింది.

వడమాలపేట దాటాక ఆమే అడిగింది.

“మామా, ఆ బొగ్గు బస్సు మన కారు కంటే పెద్దగా అరస్తాది గదా. దాన్ని ఏ పొద్దయినా తొయ్యమన్నాడా ఆయన?”

“నాకు తెలవదా మేయ్? కూత ఒక సాకు.”

“అట్లయితే ముందు ఆ సాకు తీసి పారేద్దాం. ఆ పైన ఏమంటాడో నేనూ సూస్తా.”

జయరావు అద్దంలో ఆమె మొహం చూశాడు. కోపంతో ఎర్రబడి ఉంది, కానీ కళ్ళలో నీళ్ళు లేవు.

పుత్తూరులో కార్లు బాగుచేసే షెడ్డు నడిపే బాలసుబ్రమణ్యాన్ని అడిగితే, కారును లోపలికి రానివ్వకుండానే, “చక్రంలో కొంచెం ఆముదం పొయ్యప్పా, నోరు మూసుకుంటాది” అన్నాడు. జయరావు తిరిగొచ్చి ఆ మాట చెప్పి, “కూత ఆగతాది, నిజమే. బ్రేకు కూడా పట్టదు. అట్లాంటి బండిని నేను తోలను” అన్నాడు.

మర్నాడు ఇద్దరూ కారును ఎండిన ఏటి ఒడ్డుకు తీసుకుపోయారు. “రెండు చక్రాల్లో యాడ అరస్తా ఉండాదో నాకు లోపల నుంచి తెలవదు. నువ్వు పక్కన నడస్తా ఇను” అన్నాడు జయరావు. గంగులమ్మ చీర కుచ్చెళ్ళు ఎగదోపుకొని, వెనక చక్రం పక్కనే వంగి నడిచింది. తరవాత పరిగెత్తింది. అతను మెల్లగా తొక్కాడు, గట్టిగా తొక్కాడు, మళ్ళీ మెల్లగా తొక్కాడు.

“కుడిపక్కది!” అని అరిచింది రొప్పుతూ. “మెల్లగా తొక్కితే కూస్తాది, గట్టిగా తొక్కితే మూలగతాది. ఇంకోటి, మామా, ఏదో కాలిన వాసన. జిడ్డు మాడినట్టు.”

“జిడ్డా?” జయరావు మొహం వెలిగింది. “దొరికింది.”

ఇంటి ముందుకు తెచ్చి, కుడి చక్రాన్ని జాకీ మీద లేపి, ఊడదీశాడు. చెక్క అడ్డం పెట్టి సుత్తితో తట్టి తట్టి బ్రేకు డ్రమ్మును బయటికి లాగాడు. లోపల చంద్రవంకల్లాంటి రెండు ఇనుప దిమ్మెలున్నాయి.

“వీటిని షూలు అంటారు.”

“షూ అంటే చెప్పు గదా? చక్రానికి కూడా చెప్పులుండాయా?”

జయరావు ఆ రోజు మొదటిసారి నవ్వాడు. ఆ షూలకు అంటించిన పట్టీలు గరుకుగా ఉండాలి. అవి అద్దంలా నున్నగా మెరుస్తున్నాయి. అంచున నల్లటి జిడ్డు గడ్డకట్టింది. దుమ్మూ జిడ్డూ కలిసి వేడికి మాడిపోయి, పట్టీ మీద గట్టి పొర కట్టింది. డ్రమ్మును పట్టుకోలేక దాని మీద జారుతూ అరుస్తోంది. జిడ్డు ఎక్కడి నుంచి వస్తోందో జయరావు వెతికాడు. ఇరుసు బయటికొచ్చే చోట ఒక తోలు బిళ్ళ ఉంది. అది ఎండి, పగిలి, అంచులు రాలిపోయి ఉంది. దాని సందులోంచి ఇరుసు నూనె కారుతోంది.

“పట్టీలు రుద్దుకుంటే బాగవతాయి. ఈ బిళ్ళ మార్చకుంటే పది రోజుల్లో మళ్ళా ఇదే గతి. ఇది మద్రాసులో తప్ప దొరకదు. రేషను కాలంలో ఆడా దొరకతాదో లేదో.”

గంగులమ్మ ఆ బిళ్ళను అరచేతిలో పెట్టుకొని గోటితో గీసింది. లోపలికి పోయి, చూరులో దోపిన గుడ్డమూట దించింది. అందులో ఆమె నాయన వాడిన రంపె ఉంది, తోలు కోసే వంకర కత్తి. పెళ్ళయిన కొత్తలోనే జయరావు చెప్పాడు, ఆ పని ఇంక మన ఇంట్లో వద్దని. ఆ పని వల్లనే కదా మనల్ని తక్కువ చూస్తారని. ఆమె సరే అని దాన్ని చూరులో దోపింది, పారేయలేదు.

జయరావు రంపెను చూసి మొహం తిప్పుకున్నాడు.

“ఒద్దు మేయ్. రేపు ఊళ్ళో తెలిస్తే మాదిగోడి కారు తోలుతో నడస్తా ఉండాదని నగతారు.”

“నగనీ. మద్రాసు బిళ్ళ ఆపలేని నూనెను నా చేత్తో కోసిన బిళ్ళ ఆపితే నగేదెవురో సూద్దాం. కారు కొనేదానికి నువ్వు ఎవురినన్నా అడిగినావా? తోలు కొయ్యడానికి నేనెందుకు అడగాల?”

జయరావు లేచి, పాత బిళ్ళను తుడిచి ఆమె ముందు పెట్టాడు.

తంగేడు బెరడుతో ఊరవేసిన ఎనుముతోలు ముక్క ఒకటి పక్కింట్లో దొరికింది. గంగులమ్మ నేల మీద పలక వేసుకొని కూచుని, పాత బిళ్ళను కొలతగా పెట్టి గుండ్రంగా కోసింది. లోపలి రంధ్రాన్ని పాతదాని కంటే పిసరంత చిన్నగా తీసింది. “ఇరుసును బిగువుగా పట్టుకోవాల” అంది. కరిగించిన కొవ్వులో నానబెట్టి, వేళ్ళతో వంచి వంచి మెత్తన చేసింది. చాలా ఏళ్ళకు ఆమె వేళ్ళు ఆ పని చేశాయి. మరిచిపోలేదు.

ఈలోగా జయరావు పట్టీలను పెట్రోలుతో కడిగి, నిప్పుల సెగన కాస్త కాచి, లోపల ఇంకిన జిడ్డు బయటికొస్తే మళ్ళీ తుడిచాడు. గరుకు కాగితంతో మెరుపు పోయేదాకా రుద్దాడు. పట్టీల ముందంచును ఆకురాయితో వాలుగా అరగదీశాడు. డ్రమ్ము లోపలంతా శుభ్రం చేశాడు. తోలు బిళ్ళ తన చోటులో ‘టప్’ మని కూచుంది. అంతా బిగించి ఏటి ఒడ్డున తోలి చూశారు. గంగులమ్మ పక్కన పరిగెత్తింది. ఇసుక కరకర తప్ప ఇంకేమీ వినబడలేదు.

మర్నాడు పొద్దున కారు పెద్దవీధిలోకి వచ్చింది. గంగులమ్మ ఈసారి ముందు సీట్లో, మొగుడి పక్కన కూచుంది.

వీధి నడుమ కుప్పయ్య ఎద్దులబండి అడ్డంగా నిలిచి ఉంది. రామలింగయ్య పాలేరు అతను. రామలింగయ్య తిన్నె మీదే ఉన్నాడు. జయరావు బ్రేకు తొక్కాడు. కారు ఎద్దుల మూతులకు మూరెడు దూరంలో, చప్పుడు లేకుండా ఆగింది. ఎద్దులు నెమరు కూడా ఆపలేదు.

“దిగి తొయ్యమని చెప్పినా గదరా!” అన్నాడు రామలింగయ్య.

జయరావు నోరు తెరిచేలోపు గంగులమ్మ కిందికి దిగింది. ఆయన్ను ఎప్పుడూ ‘సామీ’ అని పిలిచే ఆడది, ఆ రోజు ఆ మాట వాడలేదు.

“అయ్యా, కూత కూస్తాదని తొయ్యమంటిరి. కూత పోయింది. గొడ్లు బెదురుతాయంటిరి. ఇదో, మీ ఎద్దులే సాక్ష్యం. ఇంకేం కారణముండాదో నలుగురూ ఇనేట్టు చెప్పండి. చెప్తే తోస్తాము.”

తిన్నెల మీద ఎవరూ కదల్లేదు. చెప్పవలసిన కారణం రామలింగయ్య నాలుక మీదే ఉందని అందరికీ తెలుసు. సైన్యంలో తుపాకుల మధ్య తిరిగొచ్చిన మనిషి ముందు, పట్టపగలు, ఆ మాట అనడానికి ఆయనకు నోరు రాలేదు. “బండి తీయొద్దు కుప్పయ్యా” అని మాత్రం అన్నాడు.

“సరే. మేమూ ఈడనే కూసోనుంటాం” అని గంగులమ్మ ఎక్కి కూచుంది.

కూచున్నారు. ఎండ ఎక్కింది. జయరావు ఒకసారి, “వెనక్కి తిప్పుదామా?” అన్నాడు మెల్లగా. ఆమె తల అడ్డంగా ఊపింది. అంతలో వెనక నుంచి పుత్తూరు బస్సు వచ్చి, కీచుమని అరుస్తూ ఆగింది. హారను మీద హారను. బస్సులోని మొగాళ్ళు తలలు బయటపెట్టి, “ఎవుర్రా ఆ బండోడు? కోర్టుకు పొద్దు పోతా ఉండాది!” అని కేకలు పెట్టారు. డ్రైవరు దిగి వచ్చి కుప్పయ్యను నానా మాటలూ తిట్టాడు. కుప్పయ్య తిన్నె వైపు చూశాడు. రామలింగయ్య కండువా దులుపుకొని ఇంట్లోకి పోయాడు. కుప్పయ్య ఎద్దుల ముక్కుతాళ్ళు పట్టి బండిని పక్కకు లాగాడు. లాగుతూ, ఎవరికీ వినబడకుండా, “పోండి తల్లీ” అన్నాడు.

ఆ వారమంతా పల్లెవాళ్ళను రామలింగయ్య పొలం పనికి పిలవలేదు. కొందరు వచ్చి గంగులమ్మ ముందే గొణిగారు. ఆమె వాళ్ళకు సర్ది చెప్పలేదు, క్షమించమనీ అనలేదు. “నాట్లకు ఆయనకు మనుసులు కావల్సినప్పుడు ఆయనే పిలస్తాడు. పిలిచేదాకా నేనూ మీతో పస్తుంటా” అంది. నాట్లు వచ్చాయి. ఆయన పిలిచాడు.

పిలిచిన రోజు సాయంత్రం, తిరుపతి నుంచి తిరిగొస్తూ జయరావు పెద్దవీధి మొదట్లో కారు వేగం పెంచబోయాడు, తొందరగా దాటేద్దామని.

“మెల్లగా పోనీ మామా” అంది గంగులమ్మ, తలుపు అద్దం పూర్తిగా కిందికి దించి. “ఈ దారి మనది గూడా.”