బల్లకు ఆనించిన కుర్చీ

మా ఆవిడ పనిచేసిన వీధిలో, దుకాణాల భవనం పైకప్పు మీద, ఎవరైనా వెళ్ళి కూర్చోగల తోట ఒకటుంది. మధ్యాహ్నం డబ్బా పట్టుకుని రోజూ అక్కడికే వెళ్ళేది. నాకు చూపించాలని ఆవిడకు సరదా. కానీ నాకు సెలవున్న రోజున ఆ తోటకూ సెలవే. ఆవిడ పోయాక, ఒక పనిరోజున మా మరదలిని వెంటబెట్టుకుని వెళ్ళాను.

లిఫ్టు దిగగానే వీధి రొద మెత్తబడింది. సిమెంటు తొట్లలో పొట్టి నిమ్మచెట్లు, పిట్టగోడ పొడవునా నీలంపూల తీగ. ఏసీ పెట్టెల వేడిగాలి కూర్చున్నవాళ్ళకు తగలకుండా ఎవరో అడ్డంగా గుబురు మొక్కలు పెంచారు. ఆ మనిషెవరో గానీ, మనసులోనే దండం పెట్టాను.

తీగ కింద పొడవాటి బల్ల. ఒక చివర కళ్ళద్దాల దుకాణం బిళ్ళ తగిలించుకున్న అమ్మాయి, రెండో చివర మెడలో టేపు వేసుకున్న దర్జీ ఆవిడ తింటున్నారు. మధ్యలో ఒక కుర్చీని ముందుకు వంచి బల్లకు ఆనించారు. వాననీళ్ళు నిలవకుండా అలా పెట్టారనుకుని, దాన్ని సరిచేసి కూర్చున్నాను.

"అయ్యో, లేవండి అంకుల్! అది జడ్జిగారిది," అంది అమ్మాయి.

దిగ్గున లేచాను. "ఇక్కడికి జడ్జిగారు కూడా వస్తారా?"

దర్జీ ఆవిడ నవ్వింది. "నిజం జడ్జి కాదండీ. ఎదురు ఆఫీసులో పనిచేస్తుంది. మబ్బేసినా, ఎండకాసినా ఆకుపచ్చ గొడుగేసుకునే వస్తుంది. పేరెప్పుడూ అడగలేదు. ఇక్కడ ఎవరు పోట్లాడుకున్నా ఆవిడదే తీర్పు. కుర్చీ ఇలా ఆనించామంటే మనిషి ఇంకా రావలసి ఉందని గుర్తు. కొన్నాళ్ళుగా రావట్లేదు. బదిలీ అయిందేమో."

ఆ గొడుగు మా ఇంట్లో తలుపు వెనక వేలాడుతోంది. ఏ సంగతి అడిగినా "మీ ఇష్టం" అనే మనిషి ఇక్కడ తీర్పులు చెప్పిందట!

"ఆవిడొచ్చేదాకా మేం మాట్లాడుకోం," అంది అమ్మాయి, దర్జీ ఆవిడ వైపు చూడకుండా. "ఈ పూలు నా డబ్బాలో రాలుతున్నాయి, తీగ కొట్టిద్దామంటే నన్ను మహారాణి అంది."

"అన్నాను. పువ్వు పడితే ప్రాణం పోతుందా? తప్పు నాదేనని జడ్జిగారు అంటే చెంపలేసుకుంటానని ఈవిడగారికి చెప్పండి," అంది దర్జీ ఆవిడ నాతో.

మరదలు నన్ను నిమ్మచెట్టు పక్కకు లాగింది. కళ్ళు నిండిపోయి ఉన్నాయి. "బావా, చెప్పకు. ఈ ఒక్క చోటైనా అక్కని బదిలీ మీద ఉండనీ."

నాకూ ఆ ఆశ పుట్టింది. మాట్లాడకుండా లిఫ్టెక్కితే చాలు, ఈ డాబా మీద మా ఆవిడ ఇంకా రావలసిన మనిషే. కానీ రాని మనిషి కోసం వీళ్ళిద్దరూ ఎన్నాళ్ళు ముఖాలు తిప్పుకుని తింటారు? ఎదురుగా మనిషి లేని భోజనం ఎలా ఉంటుందో నాకు తెలుసు. వీళ్ళకు ఇంకా ఎదురుగా మనిషి ఉంది.

వెనక్కి వెళ్ళాను. "అమ్మా, ఆవిడ నా భార్య. జబ్బుచేసి పోయింది. ఇంక రాదు."

దర్జీ ఆవిడ మెడలోని టేపు తీసి గుప్పిట్లో బిగించుకుంది. అమ్మాయి నాకేసి, కుర్చీకేసి మార్చి మార్చి చూసింది.

"మరి మా తగువు?" అంది చిన్నపిల్లలా. అనేసి, సిగ్గుపడి చేత్తో నోరు మూసుకుంది. ఏడుపు, నోట్లో ముద్ద కలిసి పొలమారింది.

దర్జీ ఆవిడ గబగబా వచ్చి ఆ పిల్ల నెత్తిన తట్టి, వీపు నిమిరింది. "ముందు నీళ్ళు తాగవే తల్లీ," అని సీసా మూత తీసి ఇచ్చింది.

అమ్మాయి రెండు గుక్కలు తాగి, కళ్ళు తుడుచుకుంటూ నా వెనకే వచ్చి నిలబడ్డ మా మరదలి చేతికి సీసా అందించింది.