రెండో కాపీ

"ఆవిరి పైకి లేచి కామా చల్లబడి చల్లబడి కామా మేఘమవుతుంది పుల్‌స్టాప్," అని అక్క చదివి, చెక్క స్కేలును కాగితం మీద ఒక వరుస కిందికి జరిపింది.

బల్లకు ఇవతల కూర్చున్న చెల్లెలు తన కాపీలో రెండో ‘చల్లబడి’ని ఎర్ర పెన్నుతో కొట్టేసింది.

"ఇంకెంత చల్లబడాలి? గడ్డకట్టుకుపోదూ!"

"నాకేం తెలుసు? ఉన్నది చదువుతున్నాను," అంది అక్క, తల ఎత్తకుండానే.

వాళ్ల పని పద్ధతి అది. పిల్లల పాఠ్యపుస్తకాల పేజీలు అచ్చుకు వెళ్లే ముందు ఈ ఇంటికి వస్తాయి. చెల్లెలు ప్రతి పేజీ రెండేసి కాపీలు తీస్తుంది. అక్క ఒక కాపీ పట్టుకుని కామాలూ పేరాలతో సహా పైకి చదువుతుంది, చెల్లెలు రెండో కాపీలో దిద్దుతుంది. చూసేటప్పుడు జారిపోయే తప్పు వినేటప్పుడు దొరుకుతుంది. అయితే చదివేవాళ్లు అక్కలా చదవాలి. తప్పు ఎదురైనా అక్క గొంతు తడబడదు, కనుబొమ్మ కదలదు. చెల్లెలికి అది చేతకాదు. తప్పు కనపడకముందే ఆమె నాలుక దాన్ని సరిచేసేసుకుని ముందుకు పోతుంది. చదువుకున్న రోగం అంటుంది అక్క.

సాయంత్రం బస్సుకు అక్క వెళ్లిపోతోంది. ఈ పాఠం మిగతా సగం రేపు ఎవరు చదువుతారన్న మాట ఇద్దరూ ఎత్తడం లేదు.

తర్వాతి పేజీల కోసం చెల్లెలు మీట నొక్కింది. కిటికీ పక్క స్టూలు మీద ప్రింటర్ ఒళ్లు విరుచుకుంది. తెల్లగా వచ్చిన యంత్రం ఎండకు పసుపు తిరిగింది. ఒక కాలి కింద మడతపెట్టిన అట్టముక్క, మూత ఊడకుండా రబ్బరు బ్యాండు. అది కాగితాన్ని సగం మింగి, మూలిగి, కాలిన వాసన వదిలి ఊరుకుంది. అక్క వెళ్లి దాని వీపు మీద రెండు దెబ్బలు వేసింది.

"లే నాయనా, ఇవాళొక్కరోజు."

లేవలేదు. క్రితంసారి బాగుచేసిన మెకానిక్ వెళ్తూ వెళ్తూ, మళ్లీ ఆగితే తనను పిలవకుండా కొత్తది కొనుక్కోమని చెప్పే వెళ్లాడు. దీని సామాను ఎక్కడా రావడం లేదట.

"పద, నేనుండగానే కొనేద్దాం," అంది అక్క, చెప్పులేసుకుంటూ. "నిన్నొక్కదాన్నే పంపిస్తే కొట్టతను ఏది అంటగడితే అది మోసుకొస్తావు."

ఆ కుటుంబంలో మొదటి డిగ్రీ చెల్లెలిదే. ఆ డిగ్రీ ఆమెకు ఒక ముద్రణాలయం వెనక గదిలో ప్రూఫులు దిద్దే కుర్చీ ఇప్పించింది. కంప్యూటరే తప్పులు పట్టుకుంటుందని ఆ గది ఎత్తేశాక, కంప్యూటరు పట్టుకోలేని తప్పులన్నీ ఆమె ఇంటికి రావడం మొదలైంది. అదే రోజుల్లో బావ పోయాడు. అక్క ఒక వారం ఉండి వెళ్తానని పెట్టెతో వచ్చింది. ఇంట్లో ఖాళీ కుర్చీ అదొక్కటే కాబట్టి బల్లకు అవతల కూర్చుంది. ఊరికే కూర్చోలేక కాగితం అందుకుని పైకి చదివింది. ఆ వారం ఇంకా అయిపోలేదు.

మొన్నీమధ్య పేజీలు ఇవ్వడానికి వచ్చిన రచయిత ఒకాయన గుమ్మంలోనే ఆగిపోయి ఆ గొంతు విన్నాడు. వేరే ఊళ్లో చూపులేనివాళ్ల కోసం పుస్తకాలు చదివి రికార్డు చేసే సంస్థకు ఆమె సంగతి చెప్పాడు. పరీక్షకు పిలిచారు. అద్దాల గదిలో కూర్చోబెట్టి కథ ఇస్తే, అక్క అలవాటు కొద్దీ కామాలూ పుల్‌స్టాపులతో సహా చదివేసింది.

"అద్దం అవతల అందరూ పొట్టలు పట్టుకుని నవ్వుతున్నారే," అని కొట్టుకు వెళ్లే దారిలో మళ్లీ చెప్పింది అక్క. "హీరోయిన్ ఏడుస్తోంది కామా వెక్కివెక్కి ఏడుస్తోంది పుల్‌స్టాప్ అన్నాను మరి! కామాలు మానేస్తే గొంతు మాత్రం బంగారం అన్నారు."

"మానగలవా?"

"జీతం ఇస్తారట. మానతాను."

చెల్లెలు నవ్వింది. ఆ ఉద్యోగం వచ్చిన రోజున అక్క ముఖం ఎంత వెలిగిందో ఆమె చూసింది. ఉండిపో అనే మాట ఆరోజు నుంచీ గొంతులోనే ఉంది.

కొట్లో ప్రింటర్లు అరల మీద బుద్ధిగా కూర్చుని ఉన్నాయి. కొట్టాయన చేతులు తుడుచుకుంటూ వచ్చాడు.

"ఇంట్లోకా, ఆఫీసుకా అమ్మా?"

"ఇల్లే ఆఫీసు," అంది చెల్లెలు.

"రంగులు కావాలా?"

"ఎరుపు మా దగ్గరుంది," అంది అక్క. "నలుపు చాలు."

అయితే సిరా పోసేది వద్దు, పొడితో నడిచేది తీసుకోమన్నాడు. కొన్నాళ్లు వాడకపోయినా ఎండిపోదట. పెద్దదొకటి చూపించాడు. రెండు అరలు, చకచకా వేస్తుంది, ఎన్ని కాపీలడిగితే అన్నీ వరుస తప్పకుండా విడివిడిగా పేర్చి ఇస్తుంది. దాని పక్కనే రొట్టెల డబ్బాలాంటి చిన్నది.

"ఎంతమంది వాడతారమ్మా?"

"ఇద్దరం," అంది చెల్లెలు.

"ఒక్కరే," అంది అక్క.

కొట్టాయన ఇద్దరినీ మార్చి మార్చి చూసి, తన గుడ్డతో శుభ్రంగా ఉన్న అరనే మళ్లీ తుడిచాడు.

"పెద్దది తీసుకుందాం," అంది చెల్లెలు. "కాపీలు తనే పేరుస్తుందట."

"ఎందుకే అంత? ఆ స్టూలు మీద కూడా పట్టదు. ఇంతకీ రెండో కాపీ ఎవరికి?"

చెల్లెలు పెద్ద ప్రింటర్ అర లాగింది. మూసింది. మళ్లీ లాగింది. నువ్వు లేకపోతే నాకు తప్పులు వినపడవు అక్కా, అనాలనుకుంది. అది అంటే అక్క పెట్టె విప్పేస్తుంది. ఒక్క మాట ఎదురు చెప్పదు. బల్లకు అవతల కూర్చుని, ఎప్పట్లాగే తడబడకుండా చదువుతుంది.

"చిన్నదే ఇవ్వండి," అంది కొట్టాయనతో. "స్టూలు కొత్తది కొనే ఓపిక లేదు."

ప్రింటర్ పెట్టెకు ఒక కొస అక్క పట్టుకుంది. ఇద్దరూ మధ్యలో దాన్ని ఊపుకుంటూ ఇంటికి నడిచారు.

మధ్యాహ్నమంతా దాన్ని బిగించడానికే సరిపోయింది. సూచనల కాగితాన్ని అక్క కామాలతో సహా చదివింది, చెల్లెలు తీగలు కలిపింది. తర్వాత అక్క బట్టలు సర్దుకుంది. బల్ల మీద కళ్లజోడు తీసుకుంది, చెక్క స్కేలూ తీసుకుంది. చెల్లెలు చూసి చూడనట్టు ఊరుకుంది. అది అక్కదే మరి.

బస్సు కిటికీలోంచి అక్క చెయ్యి బయటికి పెట్టింది.

"అచ్చు పలచబడితే ఆ పొడి డబ్బా తీసి ఊపమన్నాడు. గుర్తుందా?"

"ఉంది. నువ్వు అక్కడ కామా అనకు."

"అననులే. నువ్వు మాత్రం అను. అనకపోతే పరుగెత్తిపోతావు."

బస్సు కదిలింది. మలుపు తిరిగేదాకా ఆ చెయ్యి కనిపించింది.

ఇంటికొచ్చి చెల్లెలు దీపం వేసింది. పొద్దు ఇంకా పూర్తిగా గుంకలేదు. పాఠంలో మిగిలిన పేజీలు పంపి మీట నొక్కింది. కొత్త ప్రింటర్ గుసగుసగా పని చేసింది. మూలుగూ లేదు, కుదుపూ లేదు. పేజీలన్నీ వచ్చాయి. ఆమె చెయ్యి చాపేలోగా మళ్లీ మొదటి పేజీ వచ్చింది. ఎన్ని కాపీలన్న చోట ఆమె వేలు ఆమెను అడక్కుండానే రెండు అని నొక్కేసింది. ఒక్కతే పైకి నవ్వింది.

ఆ రెండో కాపీని అవతలి వైపు పెట్టబోతే కుర్చీలో, మెత్త మీద, అక్క తీసుకెళ్లిందనుకున్న చెక్క స్కేలు కనిపించింది. అంచు మధ్యలో అక్క బొటనవేలు ఆనే చోట నున్నగా అరిగి ఉంది.

అటు వెళ్లి ఆ కుర్చీలో కూర్చుంది. స్కేలు మొదటి వరుస కింద పెట్టింది. అది దాటి కళ్లు కిందికి దూకలేకపోయాయి.

"మేఘాలు బరువెక్కి కామా," అని గట్టిగా చదివింది. గొంతు గదికి కొత్తగా ఉంది. "గాలికి కదిలి కామా వానగా వానగా కురుస్తాయి పుల్‌స్టాప్."

ఆగింది. చెవిలో పడింది. లేచి బల్ల చుట్టూ తిరిగి తన చోటికి వచ్చి, తన కాపీలో ఒక ‘వానగా’ను ఎర్రగా కొట్టేసింది. బల్లకు అవతల, ఇంకా వెచ్చగా ఉన్న రెండో కాపీ మీద, ఆ వరుస కిందే చెక్క స్కేలు ఆగి ఉంది.