నవ్వినా రాలని పెసర

పెసర కాయలు నల్లబడుతున్నాయంటే చాలు, మేడమ్‌ని వ్యవసాయ పరిశోధన కేంద్రంలోని విత్తనాల గదిలోకి పంపి తలుపు వేసేసేవారు. ఆవిడ నవ్వితే కాయలు పగిలేవి. చిన్నప్పటి నుంచీ అంతే. కోతల ముందు వాళ్ళమ్మ, జోకులేసే మేనమామని గుమ్మం తొక్కనిచ్చేది కాదు. అందుకే పువ్వు పువ్వుకీ పుప్పొడి అద్ది కొత్త వంగడాలు పుట్టించే ఆ మనిషి, పండిన కాయ ఒక్కటి కూడా తన చేత్తో కోసి ఎరగదు.

ఈసారీ మొక్కలు విరగకాశాయి. ఏం లాభం? ముందు పండిన కాయలు ఎండకే విచ్చుకుని గింజలు మట్టిపాలవుతున్నాయి. సంచికి చేరేది సగమే. పెద్దసారు విసిగిపోయాడు. తను చెప్పబోయే మాటకి నవ్వేవాళ్ళెవరూ ఉండరు గనక, ధైర్యంగా ఆవిణ్ణి చేలోకే పిలిపించాడు.

"ఇంక చాలమ్మా. రేపు దున్నించేస్తున్నాం. నిన్ను లెక్కల విభాగానికి మార్చాను."

మేడమ్ రుమాలు తీసింది. ఇన్నేళ్ళ చాకిరీ! కళ్ళు ఒత్తుకోబోయింది. సరిగ్గా అప్పుడే ఒక మిడత వచ్చి సారు బట్టతల మీద వాలింది. ఆయన మాట మాటకీ తల ఆడిస్తుంటే అదీ పట్టు వదలకుండా ఊగుతోంది. మేడమ్ పెదవి కొరుక్కుంది. రుమాలు నోట్లో కుక్కుకుంది.

"ఏంటమ్మా అలా చూస్తావ్? నా నెత్తిన ఏమైనా మొలిచిందా?"

అంతే, ఆవిడ పగలబడి నవ్వింది. చేను చేనంతా టపటపా పేలింది. గింజలు సారు కళ్ళజోడుకి తగిలి చిందాయి.

నవ్వాగాక చూస్తే, గట్టు వారన ఒక్క మొక్క మాత్రం కాయలన్నీ బిగబట్టుకుని నిలబడి ఉంది.

"సార్! అది చూడండి సార్!" మేడమ్ కాళ్ళు నేల మీద నిలవడం లేదు.

"ఏదో గాలివాటం. మళ్ళీ నవ్వు, చూద్దాం."

"నవ్వమంటే ఎలా వస్తుంది సార్?"

సారు అటూ ఇటూ చూశాడు. ఎవరూ లేరని రూఢి చేసుకుని, ప్యాంటు మోకాళ్ళదాకా మడిచి, అచ్చం మిడతలా గెంతడం మొదలుపెట్టాడు. మేడమ్ కడుపు పట్టుకుని ఆ మొక్క పక్కనే కూలబడింది. ఊపిరాడనంతగా, కళ్ళ నీళ్ళు కారేలా నవ్వింది. ఒక్క కాయా నోరు తెరవలేదు.

"నిలబడిందమ్మా! గింజ నిలబడింది!" సారు మళ్ళీ ఒక్క గెంతు గెంతాడు. "దున్నడం లేదు, ఏమీ లేదు. వచ్చే పంటకి ఇదే విత్తనం. కొయ్యి."

"నేనా సార్?"

"నువ్వు కాక ఇంకెవరు?"

మేడమ్ చేతులు తుడుచుకుంది. ఇంకా నవ్వుతూనే, నల్లగా పండిన కాయని పట్టుకుని మెల్లగా తుంచింది. లోపల గింజలు గలగలమన్నాయి.