పేరు కోసం ఆగిన పిల్ల

ముందుగదిలో ఆ ఫొటో అద్దం తుడవందే ఆమె పొయ్యి వెలిగించకూడదని మొగుడి రూలు. ఫొటోలో పెద్దాయన, ఆయన కొడుకు, మనవడు. దేశమంతా చేతులెత్తి మొక్కే నాయకుల కుటుంబం. వాళ్లింట్లో ఎవరి పుట్టినరోజు ఎప్పుడో నిద్రలో లేపి అడిగినా చెబుతాడు మహానుభావుడు. కన్నకూతురిది మాత్రం పెళ్లాన్నే అడగాలి.

ఆ కూతురికి నాలుగేళ్లొచ్చినా పేరు లేదు. "ఆ ఇంటివాళ్ల నోటినుంచే రావాలి," అన్నాడు మొగుడు, అది పుట్టిననాడే. "నీకంత తొందరేంటమ్మా?" అంది అత్తగారు. ఇంటిల్లిపాదికీ అది చిట్టి. ఆమె మాత్రం స్నానాలగది తలుపేసుకుని, నీళ్లు పోస్తూ, తనకిష్టమైన పేరుతో పిలుచుకునేది. కన్నతల్లి అయ్యుండి కూతురి పేరు దొంగసొమ్ములా దాచుకోవడమేంటి, ఖర్మ కాకపోతే! చిట్టి మాత్రం ఆ పేరుకి చక్కగా ఊఁ కొట్టేది. మొన్న బడికి తీసుకెళ్తే టీచరమ్మ విసుక్కుంది. "పేరు లేకుండా ఎలా చేర్చుకోమంటారు? సోమవారం ఏదో ఒకటి పెట్టుకుని రండి, లేకపోతే సీటు పోతుంది."

ఆదివారం ఫొటోలోని మనవడి ఊరేగింపు వచ్చింది. ఎండలో నిలబడి నిలబడి ఆమె కాళ్లు పీక్కుపోయాయి. బండి ఆగగానే మొగుడు ఆమె చంకలోంచి పిల్లని లాక్కుని పైకెత్తాడు. "బాబుగారూ, మీరే పేరు పెట్టాలి!"

పేలు పడ్డాయని అంతకుముందే అత్తగారు చిట్టి జుట్టు పొట్టిగా కత్తిరించేసింది. మనవడు సరిగ్గా చూశాడో లేదో, "బాబుకి మా తాతగారి పేరు పెట్టండి," అని అటువైపు జనానికి చెయ్యూపాడు. బండి కదిలిపోయింది.

"ఆడపిల్ల కదండీ," అంది ఆమె.

మొగుడి కళ్లనిండా నీళ్లు. "అయితే ఏం? పెద్దాయన పేరే! ఎంతమందికి దక్కుతుంది? ఇక అదే ఖాయం."

బడిలో అందరూ పకపకా నవ్వుతుంటే ఆ పేరు మోయాల్సింది ఈయనా, ఆ మనవడా? తలదించుకుని తిరగాల్సింది పిల్ల.

మర్నాడు అద్దం తుడవకుండానే చిట్టిని బడికి తీసుకెళ్లింది. "పేరు?" అంది టీచరమ్మ. ఆమె నోరు తెరిచేలోపే చిట్టి స్నానాలగది పేరు గట్టిగా చెప్పేసింది.

"అదే రాసుకోండి," అంది ఆమె.

సాయంత్రం మొగుడు మిఠాయి పొట్లంతో గుమ్మంలో నిలబడి పెద్దాయన పేరుతో పిలిచాడు. మళ్లీ పిలిచాడు. ఇంకెవర్నో అనుకుని చిట్టి తలెత్తలేదు.

"పిలుస్తుంటే వినపడట్లేదా? చెప్పవే దానికి!" అని ఆమె మీద అరిచాడు.

చెంపదెబ్బ తప్పదని ఆమెకు తెలుసు. అయినా పొయ్యి ముందునుంచి లేవలేదు.

"దాని పేరు అది కాదండీ. కావాలంటే దాన్నే అడగండి."