మడమ లేపనివాడు

మనిషి బలం కండల్లో ఉంటుందని ఎవరైనా అంటే నాకు నవ్వు ఆగేది కాదు. ఆదోని మార్కెట్ యార్డులో పదకొండేళ్ళు హమాలీల మేస్త్రీగా పనిచేసినవాణ్ణి. కొత్తవాడు పని అడిగితే వాడి భుజాలు చూసేవాణ్ణి కాదు. వేరుశనక్కాయల బస్తా వీపున వేయించి, కదలకుండా నిలబడమని చెప్పి, నేను బీడీ ముట్టించుకునేవాణ్ణి. ఆ బీడీ అయిపోయేదాకా రెండు మడమలూ నేలకి ఆనించి నిలబడ్డవాడే హమాలీ. మడమ లేచిందా, వాడికి చీపురే.

తొంభై నాలుగులో దోహా వచ్చి హౌస్ డ్రైవర్నయ్యాక ఆ విద్యతో పని లేకపోయింది. అక్కడ అల్ హిలాల్ అనే పేటలో ఒక అమెరికా ఇంజినీరు విల్లా నా డ్యూటీ. సారుకి ఒక్కడే కొడుకు, వెస్లీ. పదహారేళ్ళు, మంచి ఎత్తు, ఎత్తుకి తగ్గ ఒళ్ళు, మొహం మాత్రం పసిపిల్లాడిది. బడి అయ్యాక మైదానంలో ఆట ఉండేది. అది ముగిసేదాకా నేను కంచె పక్కన కాచుకుని కూచునేవాణ్ణి.

అమెరికావాళ్ళ ఆట, దాని పేరు ఫుట్‌బాలట. కాలితో తన్నేది ఎప్పుడో ఒకసారి. బంతి పట్టినవాడి ముందు ఐదుగురు దిట్టమైన పిల్లలు గోడలా వంగి నిలబడతారు, అవతలివాళ్ళు ఆ గోడని పడగొట్టడానికి మీదికొస్తారు. ఆ ఐదుగురిని ఏరడమే బ్రెన్నన్ అనే కోచ్‌కి పెద్ద తలనొప్పి. ఇనుప బరువులు ఎత్తించేవాడు, టేపుతో ఛాతీలు కొలిచేవాడు, అట్ట మీద అంకెలు వేసుకునేవాడు. ఆ అంకెల్లో వెస్లీ ఎప్పుడూ ఆరోవాడే. రెండేళ్ళుగా బల్ల మీద కూచుని మిగతావాళ్ళకి నీళ్ళ సీసాలు అందిస్తున్నాడు. నవంబరులో బహ్రెయిన్ నుంచి ఒక జట్టు వస్తోందని, ఆ ఆటలో కూడా ఆడనివ్వకపోతే ఇక మైదానం మొహం చూడనని ఒకరోజు కారులో ఏడ్చాడు.

మర్నాడు కోచ్ ఏరిన ఐదుగురినీ చూసి తల అడ్డంగా ఊపాను. ఆయన చూశాడు. "ఏంటి ఖాసీం?" అన్నాడు నవ్వుతూ. మూడోవాడు వేస్ట్, మడమలు లేస్తున్నాయి, వెస్లీని పెట్టమని నాకు వచ్చిన ఇంగ్లీషులో చెప్పాను. ప్రహరీ కట్టడానికి తెచ్చిన సిమెంటు బస్తాలు పక్కనే ఉన్నాయి. కోచ్ సరేననగానే, వెస్లీతో సహా ఒక్కొక్కరి వీపున ఒకటి వేయించాను. బడిలో బీడీ కుదరదు కాబట్టి వాచీ చూశాను. మూడో నిమిషానికి మిగతా అందరి మడమలూ లేచాయి. వెస్లీ ఒక్కడే పాతిన గుంజలా నిలబడ్డాడు. మూడోవాడి చోటు వెస్లీకిచ్చి, కోచ్ నా చేయి పట్టుకుని ఊపేశాడు. వెస్లీ అయితే నన్ను ఎత్తుకుని గిరగిరా తిప్పాడు.

గడ్డికి నీళ్ళు పట్టే పోశన్నది నిజామాబాద్ జిల్లా. పైపు పక్కన పడేసి అంతా చూశాడు.

"ఖాసీమన్నా, బస్తా సప్పుడు జెయ్యకుండ మీద కూసుంటది. గీ పోరగాండ్లు ఉరికొచ్చి గుద్దుతరు. గా తేడా జూసినవా?" అన్నాడు.

"నీళ్ళు పట్టుకో పోప్పా. పదకొండేండ్లు మనుషుల్ని చూసినోన్ని. నాకు చెప్పొచ్చినావా?" అన్నాను. కళ్ళు నెత్తికెక్కి ఉన్నాయి నాకు అప్పుడు.

ఆ రోజు నుంచి పొద్దున్నే విల్లా వెనక వెస్లీ వీపున బియ్యం బస్తా వేసి, పక్కనుంచి తోసేవాణ్ణి. ఏమైనా సరే మడమ లేపొద్దని చెప్పేవాణ్ణి. యార్డులో మడమ లేపినవాడు బస్తాతో సహా పడి నడుం విరగ్గొట్టుకుంటాడు. నాకు తెలిసిన భయం అదొక్కటే.

నవంబరులో ఒక గురువారం మధ్యాహ్నం బహ్రెయిన్ జట్టుతో ఆట మొదలైంది. అరగంటసేపు వెస్లీని ఎవడూ ఒక్క అడుగు జరపలేకపోయాడు. కోచ్ నావైపు తిరిగి భేష్ అన్నట్టు బొటనవేలు పైకెత్తి చూపించాడు. నేను మీసం మెలేశాను. అంతలో వెస్లీ పక్కనున్న కుర్రాణ్ణి అవతలివాళ్ళు తోసేశారు. వాడు వెల్లకిలా వెస్లీ కాలి మీదికి పడుతున్నాడు. ఇంకెవరైనా అయితే కాలు తీసేసి కింద పడేవారు, లేచి దులుపుకునేవారు. వెస్లీ మడమ నొక్కి పెట్టాడు. జరగబోయేది నాకు ముందే కనిపించింది. "కాలెత్తు నాయనా, కాలెత్తు!" అని తెలుగులో అరిచాను. ఆ గోలలో ఎవరికి వినిపిస్తుంది? మోకాలు ఎటు తిరగకూడదో అటు తిరిగింది. కంచె దూకబోతే కాపలావాడు "మాఫీ, మాఫీ" అని, వీల్లేదని అరబ్బీలో అంటూ నన్ను వెనక్కి నెట్టాడు.

మూడోరోజు ఆసుపత్రిలో చూడనిచ్చారు. తొడ దాకా కట్టు. ఆర్నెల్లకి నడుస్తాడట. ఆట మాత్రం ఇక మరిచిపొమ్మన్నాడట డాక్టరు. వెస్లీ నన్ను చూసి నవ్వబోయాడు.

"నేను మడమ లేపలేదు ఖాసీం. చూశావు కదా?"

చూశానన్నాను. బయటికొచ్చి సారుతో తప్పు నాదని, అలా నిలబడమన్నది నేనేనని చెప్పాను. ఆటలో ఇవన్నీ మామూలేనని ఆయన భుజం తట్టి కారు తీయమన్నాడు. తిట్టినా బాగుండేది. నా తప్పుకి అక్కడ ఎవరి దగ్గరా చోటు లేదు.

వారం తిరక్కుండా కోచ్ పిలిపించాడు. వెస్లీ చోటు ఖాళీ. నేను వెళ్ళేసరికి నలుగురు కుర్రాళ్ళు సిమెంటు బస్తాలు వీపున వేసుకుని ఎండలో వరుసగా నిలబడి ఉన్నారు. కోచ్ చేతిలో గడియారం. పోశన్న నన్ను చూసి తల తిప్పుకున్నాడు.

"బస్తా వద్దు సార్. అది తప్పు. కాలు పోతుంది," అన్నాను.

వెస్లీది దురదృష్టమని, అలా నిలబడ్డ పిల్లాణ్ణి తన జన్మలో చూడలేదని, అలాంటివాడే ఇంకొకడు కావాలని కోచ్ అన్నాడు. ఎవరో చెప్పమన్నాడు. వరుసలో ఒకడు కుదురు లేకుండా ఈ కాలి మీదా ఆ కాలి మీదా ఊగుతున్నాడు. మీద పడితే కాలు తీసేసేవాడు వాడేనని వాణ్ణి చూపించాను.

కోచ్ పకపకా నవ్వాడు. నేను పరాచికాలాడుతున్నాననుకున్నాడు. గడ్డిలో మోకాళ్ళ మీద కూచుని ఒక్కొక్కరి మడమ కిందా వేలు పెట్టి చూసుకుంటూ పోయాడు. చివరివాడి దగ్గర వేలు దూరలేదు. నేను ఆయన చేయి పట్టుకుని వద్దన్నాను. ఆయన మెల్లగా విడిపించుకుని, అట్ట మీద వాడి పేరు రాసుకున్నాడు.

ఆ పిల్లవాడు బస్తా దింపి నా దగ్గరికి పరుగెత్తుకొచ్చి, రెండు చేతులతో నా చేయి పట్టుకుని థాంక్యూ చెప్పాడు.